చేను మందు చిక్కుడు పాదుకు వద్దు



చలి మొదలైంది. బెల్లంకొండ చుట్టుపక్కల ఊళ్ళలో ఇది పత్తి తీతల కాలం, మిరప చేలకు మందులు కొట్టే కాలం. మన పెరళ్ళు పచ్చగా ఉండేది కూడా ఇప్పుడే. వర్షాలకు పెట్టిన చిక్కుడు పాదు, పగటి పొద్దు తగ్గగానే పూతకు వచ్చి క్రిస్మసు నుండి సంక్రాంతి దాటే వరకు కాయలిస్తుంది. పాలకూర, మెంతికూర, కొత్తిమీర, ముల్లంగి ఈ చలికి వచ్చినంత బాగా మన పల్నాటి ఎండలకు రావు. రెండు మూరల జాగా ఉన్నా, పగిలిన కుండ ఉన్నా చాలు, వారానికి రెండు పూటల కూర ఇంట్లోనే పండుతుంది.

మేము ఈ పెరటి సంగతి ఎందుకు పట్టించుకుంటున్నామంటే, ఆసుపత్రికి వచ్చే తల్లులలో రక్తం తక్కువగా ఉన్నవారే ఎక్కువ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి సుమారు 59 మందికి రక్తహీనత ఉంది. అందుకే ఐరన్ మాత్రలు చేతిలో పెట్టి, "ఆకుకూరలు తినండమ్మా, పైన నిమ్మకాయ పిండుకోండి, తిన్న వెంటనే టీ తాగకండి" అని ఏళ్ళ తరబడి చెబుతూ వచ్చాము. కానీ "ఆ కూర మీద ఏమి చల్లారు?" అని మాత్రం అడగలేదు. ఇది మా పొరపాటే.

ఒక డిసెంబరులో ఒక తల్లి, ఇద్దరు పిల్లలు వాంతులతో, చెమటలతో, నోటి వెంట చొంగ కారుతూ వార్డుకు వచ్చారు. అన్నంలోకి ఏమి తిన్నారంటే చిక్కుడుకాయ కూర అన్నారు. చిక్కుడుకు పేనుబంక పట్టిందని, పత్తికి కొట్టగా ట్యాంకులో మిగిలిన మందును ఇంటాయన ముందురోజు సాయంత్రం పందిరి మీద కొట్టాడు. ఆ సంగతి తెలియని ఆ తల్లి పొద్దున్నే కాయలు కోసింది. దేవుని దయవలన ముగ్గురూ కోలుకున్నారు. "పిసరంత మందే కదండీ, కడిగే వండింది కదా" అని ఆయన తల పట్టుకున్నాడు.

ఈ మాట మేము చాలామంది నోట విన్నాము. దీనికి మా జవాబు ఇది. చేలో కొట్టే మందులలో అనేకం మొక్క రసంలోకి ఎక్కుతాయి. పైపైన కడిగితే లోపల ఉన్నది పోదు. ఉడికిస్తే పోతుందన్న నమ్మకమూ లేదు. ఇక ప్రతి మందుకూ కొట్టిన తరువాత ఇన్ని రోజులు కోయకూడదన్న గడువు ఉంటుంది. చేలో ఆగవచ్చు. పెరటి చిక్కుడును రోజు విడిచి రోజు కోస్తాము. ఎక్కడ ఆగుతాము? గడువు పాటించలేని చోట ఆ మందుకు చోటు లేదు.

మోనోక్రోటోఫాస్‌ను కూరగాయల మీద వాడకూడదని కేంద్ర ప్రభుత్వం 2005లోనే నిషేధించింది. 2023లో ఆ 36 శాతం మందునే నిషేధిస్తూ ఉత్తర్వులు ఇచ్చింది. అయినా పాత డబ్బా ఏ చూరు కిందో ఉండవచ్చు, ఒకసారి వెతికి చూడండి. 2013లో బీహారులోని గండామన్ గ్రామ పాఠశాలలో, ఇదే మందు కలిసిన నూనెతో వండిన మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. ఖాళీ మందు డబ్బాలో నూనె గానీ, పప్పు గానీ, నీళ్ళు గానీ పోయకండి.

"బజారు కూరకు మాత్రం మందు కొట్టరా?" అని అడుగుతారు. కొడతారు. అందుకే గదా ఇంట్లో పండించుకోమంటున్నాము! ఏమి చల్లామో మనకు తెలిసిన కూర అదొక్కటే. దానినీ పాడుచేసుకుంటే ఇక మిగిలేదేమిటి?

మరి పురుగు పడితే ఏమి చేయాలి? పేనుబంక ముందు లేత కొనలకు పడుతుంది. ఆ కొనలను తుంచి పారవేయండి. పొద్దున్నే నీళ్ళు గట్టిగా చిమ్మితే చాలావరకు రాలిపోతుంది. మిగిలినదానికి 50 గ్రాముల వేప గింజల పొడి లీటరు నీటిలో రాత్రంతా నానబెట్టి, గుడ్డలో వడగట్టి, కాస్త సబ్బు కలిపి సాయంత్రం చల్లండి. ఎర్రని ఒంటిమీద నల్ల చుక్కలున్న అక్షింతల పురుగులను చంపకండి, అవి పేనుబంకను తింటాయి. చలికాలంలో నేల త్వరగా ఆరదు గనుక వేలు పెట్టి చూసి, తడి లేకపోతేనే, ఉదయం పూట మొదట్లో నీళ్ళు పోయండి. వేప నీళ్ళతో కాయ ఒకటి రెండు పుచ్చు వస్తే రానివ్వండి. పుచ్చు కాయను ఏరి పారవేయవచ్చు, మందు కాయను కంటితో పోల్చలేము.

పొరపాటున మందు లోపలికి పోతే ఉప్పు నీళ్ళు, చింతపండు రసం పట్టి వాంతి చేయించకండి. మందు పడిన బట్టలు తీసివేసి, ఒంటిని సబ్బుతో కడిగి, స్పృహ తగ్గినవారిని పక్కకు తిప్పి పడుకోబెట్టి, వెంటనే 108కి ఫోను చేయండి. మందు డబ్బా వెంట తీసుకురండి. అది చూస్తే డాక్టరుగారికి వైద్యం సులువవుతుంది.

దేవుడు మొదటి మనిషిని తోటలో పెట్టినప్పుడు సాగుచేయమని మాత్రమే కాదు, కాపాడమని కూడా అప్పగించాడు. అన్నలూ, తమ్ముళ్ళూ, ఈ మాట ముందు మీకే. మందు ట్యాంకు మోసేది మీరు గనుక దానిని చేను గట్టు దాటి ఇంటికి తేవద్దు. అమ్మలూ, కాయ కోసే ముందు ఇంట్లో ఒక్క మాట అడగండి. మేము కూడా ఇకమీదట ఐరన్ మాత్రలు ఇచ్చేటప్పుడు ఆ ప్రశ్న తప్పక అడుగుతాము.

– నర్సింగ్ సూపరింటెండెంట్