క్యూలో నిలబడనివాళ్ల బెంగ

రెండో ప్రపంచ యుద్ధకాలపు బ్రిటిష్ హాస్య చిత్రాలు చూసి, "ఆ రోజుల్లో జనం ఎంత కలిసికట్టుగా ఉండేవారో!" అని నిట్టూర్చేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ రోజులు పడ్డవాళ్లు నవ్వారంటే, పై అధికారిని నోరారా తిట్టే వీల్లేక నవ్వారు.

1949లో అలెగ్జాండర్ మెకెండ్రిక్ తీసిన 'విస్కీ గలోర్!' సంగతే తీసుకోండి. యుద్ధం పుణ్యమా అని స్కాట్లండ్ దీవిలో విస్కీ చుక్క కరువు. సరిగ్గా అప్పుడే విస్కీ నింపుకొచ్చిన ఓడ తీరం దగ్గర రాళ్లకు తగులుకుంటుంది. కస్టమ్స్ వాళ్లు సోదాకొస్తే ఊరంతా సీసాలు దాచేస్తుంది, పసిపాప పడుకున్న పక్క కింద కూడా! చట్టం, క్రమశిక్షణ అంటూ ఊగిపోయే హోమ్ గార్డ్ (స్వచ్ఛంద రక్షణ దళం) కెప్టెన్ వాగెట్ చివరికి నవ్వులపాలవుతాడు.

ఈ సినిమా విడుదలైన నాటికి యుద్ధం ముగిసి నాలుగేళ్లయింది, బ్రిటన్‌లో రేషన్ మాత్రం పోలేదు. ఆ ఏడాది ఏప్రిల్‌లో మిఠాయిల మీద ఎత్తేసి, ఆగస్టులో మళ్లీ పెట్టారు. మాంసం రేషన్ 1954 దాకా సాగింది. అలాంటి ప్రేక్షకుడి నవ్వులో కసి ఉంది. రేషన్ కార్డు మొహం చూడనివాడికి ఆ కసి ఎక్కడినుంచి వస్తుంది? అందుకే 2016లో ఇదే కథను మళ్లీ తీశారు, హోమ్ గార్డ్ ముసలాళ్ల టీవీ హాస్యం 'డాడ్స్ ఆర్మీ'నీ మళ్లీ సినిమాగా తీశారు. కరువు కాస్తా అలంకారమైంది. క్యూలో నిలబడనివాళ్లు క్యూ కోసం బెంగపెట్టుకుంటున్నారు!

పైగా "అందరం ఒక్కటై" అట. ఎవరా అందరూ? అదే బ్రిటిష్ సామ్రాజ్యపు నీడన 1943లో బెంగాల్‌లో ఆకలికీ రోగాలకూ సుమారు 30 లక్షల మంది రాలిపోయారు. 1942 ఏప్రిల్ 6న మన విశాఖ, కాకినాడల మీద జపాన్ బాంబులు పడ్డాయి. ఆ తీపి జ్ఞాపకాల ఆల్బమ్‌లో వీళ్ల ఫొటో ఏ పేజీలో ఉందో చూపించండి.

పాత సినిమా చూడండి, కడుపుబ్బ నవ్వండి. ఆ రోజులు మళ్లీ రావాలని మాత్రం కోరుకోకండి. సినిమా కథలోలాగే 1941లో స్కాట్లండ్‌లోని ఎరిస్కే దీవి దగ్గర విస్కీతో వెళ్తున్న 'ఎస్.ఎస్. పొలిటీషియన్' ఓడ నిజంగానే చిక్కుకుంది. జనం అందులోని విస్కీ తెచ్చుకున్నారు. సినిమాలో ఊరు గెలిచింది. అసలు ఊళ్లో కొందరు జైలుకెళ్లారు.