మీటరు దాదా పేరు మీద, బకాయా మన నెత్తిన

"ఓల్డ్ సిటీ వాళ్ళు కరెంటు బిల్లులు కట్టరు."

ఈ మాట నేను ఇరవై ఏళ్ళుగా వింటున్నాను. తోటి విలేఖరుల నోట, ఆటోలో, పెళ్ళి దావతుల్లో కూడా. 2024 జూన్ ఆఖర్లో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ఢిల్లీలో విలేఖరులతో మాట్లాడుతూ పాతబస్తీ బిల్లుల వసూలును పైలట్ ప్రాజెక్టుగా అదానీ వాళ్ళకు ఇస్తామన్నారు. దాంతో ఈ మాటకు సర్కారీ మొహర్ కూడా పడింది. ఆ వారం మన మొహల్లాల్లో గుస్సా మామూలుగా లేదు. లీడర్లు మైకులు పట్టుకున్నారు. ఇది మన ఇజ్జత్ మీద హమ్లా అన్నారు. హమ్లానే, అందులో నాకూ షక్ లేదు. కానీ గల్లీలో కట్టని ఇల్లు ఒకటుంటే దాని బోజా ఎవరి మీద పడుతోందో, నేను విన్న ఏ తఖ్‌రీర్‌లోనూ రాలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు బయటివాళ్ళ హిసాబ్ చూద్దాం. 2023 డిసెంబర్ 21న ఇదే సర్కారు అసెంబ్లీలో విద్యుత్ శ్వేతపత్రం పెట్టింది. విద్యుత్ సంస్థల మొత్తం అప్పు 81 వేల కోట్ల పైమాటే అని అందులో ఉంది. సర్కారీ శాఖలు డిస్కంలకు కట్టాల్సిన బకాయాలు 28 వేల కోట్లు దాటాయని కూడా ఉంది. అందులో పెద్ద వాటా ఎత్తిపోతల పథకాలది. ఆ మోటార్లు తలాబ్ కట్టాలో లేవు, షాహీన్‌నగర్‌లో లేవు. ఇరిగేషన్ శాఖ దగ్గర వసూలుకు ఏ కంపెనీని పంపుతామని ఎవరూ అనలేదు. ఎగవేతకు మజహబ్ అంటగట్టేవాళ్ళకు ఈ ఒక్క కాగితం చాలు.

ఇక మన హిసాబ్. ఇది చెప్తే కొందరికి నచ్చదు, తెలుసు. మన దగ్గర కట్టనివాళ్ళున్నారు. గరీబీ వల్ల కట్టలేనివాళ్ళ సంగతి వేరు, వాళ్ళ దగ్గరికి మళ్ళీ వస్తాను. కట్టగలిగి కట్టనివాళ్ళున్నారు. రెండు ఏసీలు, మూడు ఫ్రిజ్‌లు, కింద దుకాణం, మీటరు మాత్రం ఫకీరుది. అడిగితే "సర్కార్ మనకేం ఇచ్చింది భాయ్?" అంటారు. సర్కారు ఇవ్వనివి చాలా ఉన్నాయి. రోడ్లు, బడి, దవాఖానా, వక్ఫ్ జాయదాదుల హిఫాజత్, అన్నీ అడగాలి. కానీ ఆ ఇంట్లో ఏసీ తిరిగేది సర్కారు మెహర్బానీతో కాదు, అదే ట్రాన్స్‌ఫార్మర్ మీద బతుకుతున్న పక్కింటి ఖాలా వాటాతో.

ఎలాగంటే, ఒక గల్లీకి ఒక ట్రాన్స్‌ఫార్మర్ వేస్తారు. ఎంత సైజుది వేయాలో ఆఫీసు వాళ్ళు కాగితం మీద ఉన్న లోడు చూసి తేలుస్తారు. డైరెక్టు వైరు వేసుకున్న ఇంటి లోడు ఆ కాగితంలో ఉండదు. మే నెలలో, రంజాన్‌లో సెహ్రీ వేళ, అందరి మోటార్లూ కూలర్లూ ఒకేసారి నడిచినప్పుడు ఫ్యూజు ఎగిరిపోతుంది, లేదంటే ట్రాన్స్‌ఫార్మరే కాలిపోతుంది. చీకటి కట్టిన ఇంటికీ వస్తుంది, కట్టని ఇంటికీ వస్తుంది. తేడా ఏమిటంటే కట్టనివాడికి ఇన్వర్టర్ ఉంటుంది. ఖాలా ఇంట్లో విసనకర్ర ఉంటుంది. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ వేయండని దర్ఖాస్త్ పెడితే ఇంజినీరు లెక్క తీస్తాడు. ఈ లైనులో ఎంత కరెంటు పోతోంది, ఎంత పైసా వస్తోంది? వసూలు తక్కువున్న లైను మీద ఖర్చు పెట్టడానికి ఏ ఆఫీసూ పరుగెత్తుకు రాదు. మన మొహల్లా వెనకబడటానికి తఅస్సుబ్ ఒక కారణం. ఈ లెక్క ఇంకో కారణం. రెండోది మన చేతుల్లో ఉంది.

ఆ ఖాలాకు ఇంకో ముసీబత్ ఉంది. ఆమె కిరాయిదారు. సబ్ మీటరు పెట్టి ఓనరు ఆమె దగ్గర యూనిట్‌కు పది రూపాయలు తీసుకుంటాడు, ప్రతి నెలా, కిరాయితో కలిపి. ఆ పైసలు కరెంటు ఆఫీసుకు చేరవు. ఒకరోజు లైన్‌మన్ వచ్చి మెయిన్ ఫ్యూజు పీకేస్తాడు. కట్టినామె చీకట్లో కూర్చుంటుంది. ఓనరు సాయంత్రం ఎవరికో వంద రూపాయలిచ్చి మళ్ళీ తగిలించుకుంటాడు. ఇలాంటి ఇళ్ళు నేను ఒకటి రెండు కాదు, చాలా చూశాను. కిరాయిదారుల పైసా జేబులో వేసుకుని బిల్లు ఎగ్గొట్టేవాణ్ణి సిస్టమ్‌తో లడాయి చేసే మర్ద్ అనకండి. అది అమానత్‌లో ఖయానత్.

కట్టకపోతే కాగితం మీద ఏం జరుగుతుందో కూడా మనవాళ్ళలో చాలామందికి తెలియదు. 2003 విద్యుత్ చట్టం 56వ సెక్షన్ ప్రకారం రాతపూర్వకంగా పదిహేను రోజుల నోటీసు ఇచ్చాకే సరఫరా ఆపాలి. నోటీసు లేకుండా ఫ్యూజు పీకితే అడగండి, అది మీ హక్కు. నోటీసు తర్వాత కూడా కట్టకపోతే కనెక్షన్ కట్. కొన్నాళ్ళకు వాళ్ళ రిజిస్టర్‌లో ఆ సర్వీసుకు బిల్లు రావడమే ఆగిపోతుంది. ఇంటాయన ఖుష్. బిల్లు రావట్లేదు, మాఫీ అయినట్టే అనుకుంటాడు. కాలేదు. ఇప్పుడు పైనుంచి కొక్కెం వేసుకుంటే అది బకాయా కాదు, 135వ సెక్షన్ కింద చోరీ. మూడేళ్ళ దాకా ఖైదు, లేదా జుర్మానా, లేదా రెండూ. ఇంటి లోడు మామూలుదే అయినా మొదటిసారి జుర్మానా మిగుల్చుకున్న దానికి మూడు రెట్లకు తగ్గదు. తర్వాత కూతురి నికాహ్‌కు ఇల్లు అమ్మాలనుకుంటే పాత బకాయా గుమ్మంలో నిలబడి ఉంటుంది. పాత ఓనరు బకాయాలు తీర్చాకే కొత్త ఓనరుకు కనెక్షన్ ఇస్తామనే నిబంధన చెల్లుతుందని 2023 మేలో సుప్రీంకోర్టు కేరళ కేసులో చెప్పింది. కొనేవాడు ఆ మొత్తాన్ని ధరలోంచి కోస్తాడు.

బిల్లే గలత్ వచ్చిందంటే? చాలామంది ఇక్కడే కట్టడం మానేస్తారు. రీడింగ్ తప్పు, లేదా మీటరు పరుగెత్తింది, పదిహేను వేలు వచ్చింది, ఆఫీసులో ఎవరూ వినలేదు, ఛోడో. అదే 56వ సెక్షన్‌లో దీనికి రాస్తా ఉంది. అభ్యంతరంతో కడుతున్నానని రాసిచ్చి, వాళ్ళు అడిగిన మొత్తం గానీ, గత ఆరు నెలల సగటు గానీ, ఏది తక్కువైతే అది జమ చేయాలి. ఝగడా తేలేదాకా కనెక్షన్ కట్ చేయకూడదు. తర్వాత వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు వెళ్ళొచ్చు, అక్కడ న్యాయం దొరక్కపోతే విద్యుత్ అంబుడ్స్‌మన్ దగ్గరికి. మొత్తం మానేసినవాడు రెండు నెలల తర్వాత వెళ్తే అతని మాట డిఫాల్టర్ మాట అవుతుంది.

అసలు మన ఇళ్ళలో బిల్లు ఎందుకు పెరుగుతోంది? ఇది నన్ను చాలా రోజులుగా తినేస్తోంది. ఎందుకంటే దీని జడ్ కరెంటు ఆఫీసులో లేదు, మన ఇంట్లో ఉంది.

దాదా కట్టిన ఇల్లు. దాదా పేరు మీద మీటరు. దాదా ఇంతెఖాల్ అయి ఇరవై ఏళ్ళు. ముగ్గురు కొడుకులు, మూడు పోర్షన్లు, మూడు చూల్హాలు. మీటరు ఒకటే. 2022 ఏప్రిల్ నుంచి తెలంగాణలో అమలైన టారిఫ్ చూడండి. నెలకు 200 యూనిట్లు కాలిస్తే మొదటి వందకు 3.40, రెండో వందకు 4.80. మొత్తం 820 రూపాయలు. 201 యూనిట్లు కాలిస్తే? మొదటి యూనిట్ నుంచే 5.10 లెక్క. 1027 రూపాయల 70 పైసలు. ఆ ఒక్క యూనిట్ ధర రెండు వందల రూపాయల పైన పడింది. ఇప్పుడు ముగ్గురు భాయిలు తలా 130 యూనిట్లు కాల్చారనుకోండి. ఒకే మీటరు మీద 390. బిల్లు 2,600. అదే మూడు మీటర్లుంటే తలా 484, మొత్తం 1,452. నెలకు 1,148 రూపాయలు గాలిలో పోతున్నాయి, ఏడాదికి 13,776. ఇవి ఎనర్జీ చార్జీలే, మిగతా చార్జీలు వేరు. పైగా ముగ్గురికీ తెల్ల రేషన్ కార్డులుంటే గృహజ్యోతిలో 200 యూనిట్ల లోపు జీరో బిల్లు. 2024 మార్చి బిల్లుల నుంచి అది వస్తోంది. ఉమ్మడి మీటరు 390 చూపిస్తే ఎవరికీ రాదు. గరీబ్‌ల కోసం వచ్చిన స్కీమ్ గరీబ్ ఇంటి గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోతోంది.

2,600 వచ్చాక ఇంట్లో ఏం జరుగుతుందో మీకు తెలుసు. పెద్దాయన నా పోర్షన్‌లో ఏసీ లేదు అంటాడు. చిన్నాయన దుబాయిలో ఉన్నాడు, నేను వాడనే వాడట్లేదు అంటాడు. భాభీల మధ్య మాటలు ఆగిపోతాయి. ఎవరూ కట్టరు. అలా కట్టగలిగిన ముగ్గురు కలిసి ఒక డిఫాల్టర్ ఇల్లు అవుతారు.

మీటర్లు వేరు చేసుకోవచ్చు కదా? వేరు పోర్షన్, వేరు కాపురం అని చూపించాలి. పేరు మార్చాలంటే మిగతా వారిసుల నో అబ్జెక్షన్ కావాలి. అక్కడే గాడీ ఆగుతుంది. ఎందుకంటే విరాసత్ తక్సీమ్ కాలేదు. చేస్తే ఫూఫీల హిస్సా ఇవ్వాల్సి వస్తుంది కదా! సూరె నిసా ఏం చెప్పిందో జుమా ఖుత్బాలో విని తలలూపుతాం. తర్కా పంచే ముందు మయ్యిత్ ఖర్జ్ తీర్చాలన్నది కూడా అదే సూరాలో ఉంది. దాదా పేరు మీద నడుస్తున్న కరెంటు బకాయా ఎవరి ఖర్జ్? ఖర్జ్‌తో పోయిన ఒక సహాబీ జనాజా ముందుకొచ్చినప్పుడు, అబూ ఖతాదా (రజి.) ఆ బాకీ నా జిమ్మా అన్నాకే రసూలుల్లాహ్ (స) నమాజ్ చదివించారన్న వాఖియా మదర్సాలో చదివే పిల్లలకూ తెలుసు. అది కొద్ది దీనార్ల మాట. మనం చెల్లెళ్ళ హిస్సా దాచడానికి మీటరు మార్చం. మీటరు మార్చక బిల్లు కట్టం. బిల్లు కట్టక కొక్కెం వేస్తాం. ఆ కరెంటుతో మోటారు వేసి వుజూ చేస్తాం.

కొందరు చదువుకున్న నౌజవాన్లు ఇంకో దలీల్ తెస్తారు. కట్టకపోవడం కూడా ఎహ్తెజాజ్ అంటారు. సొవెటోను చూడండి, లండన్‌ను చూడండి అంటారు. చూద్దాం. దక్షిణాఫ్రికాలో 1980లలో సొవెటో జనం అద్దెలు, సర్వీసు బిల్లులు కట్టడం ఆపారు. అది జాతివివక్ష సర్కారు మీద లడాయి, ఎలానియా, అందరికీ తెలిసేలా చేసిన లడాయి. 1994లో మండేలా వచ్చాక కూడా ఆ ఆదత్ పోలేదు. ఇక కట్టండి, కలిసి కట్టుకుందాం అని 'మసఖానే' పేరుతో 1995లో ఆయన సర్కారే ప్రచారం చేయాల్సి వచ్చింది. ఆ తర్వాత దశాబ్దాల పాటు అక్కడ ఎస్కామ్ కంపెనీ బకాయాలు పెరిగాయి, దొంగ కనెక్షన్లతో ట్రాన్స్‌ఫార్మర్లు పేలిపోయాయి. లోడు ఎక్కువున్న బస్తీలకే గంటల తరబడి కోత పెట్టారు. చీకట్లో కూర్చున్నది ఆ నల్లజాతి గరీబ్‌లే. లండన్‌లో 2022లో 'డోంట్ పే' తహ్రీక్ పది లక్షల మంది చేరితేనే బిల్లులు ఆపుదామంది. అంతమంది చేరలేదు. అదే చలికాలంలో విడిగా కట్టలేకపోయిన ఇళ్ళలోకి కోర్టు వారంట్లతో వెళ్ళి బలవంతంగా ప్రీపెయిడ్ మీటర్లు పెట్టారు. పత్రికల్లో రచ్చ అయ్యాక 2023 ఫిబ్రవరిలో రెగ్యులేటర్ ఆపించింది. ప్రీపెయిడ్ మీటరు ఏమిటో తెలుసుకోండి, మన దగ్గరా దాని మాట నడుస్తోంది. పైసలు అయిపోతే కరెంటు దానంతటదే పోతుంది. బతిమాలడానికి లైన్‌మన్ కూడా ఉండడు. కట్టగలిగి కట్టనివాడు దాన్ని మన గల్లీకి దావత్ ఇచ్చి పిలుస్తున్నాడు.

ఎహ్తెజాజ్ అంటే ఏమిటో మన షహర్‌కు తెలుసు. 2000 ఆగస్టు 28న కరెంటు చార్జీల పెంపుకు వ్యతిరేకంగా అసెంబ్లీ వైపు నడిచిన జనం మీద బషీర్‌బాగ్‌లో పోలీసులు కాల్పులు జరిపారు. రామకృష్ణ, విష్ణువర్ధన్ రెడ్డి, బాలస్వామి ప్రాణాలు పోయాయి. వాళ్ళు పట్టపగలు, మొహం చూపించి వెళ్ళారు. రాత్రి పదకొండుకు కర్రతో వైరు తగిలించేవాడు వాళ్ళ పేరు తీయకపోతే మంచిది. చార్జీలు జ్యాదా అంటే రెగ్యులేటరీ కమిషన్ బహిరంగ విచారణకు వెళ్ళి మాట్లాడొచ్చు, ఎవరైనా. ఆంధ్రలో మన రిష్తేదార్లు ట్రూ అప్ చార్జీల మీద రోడ్డెక్కారు కదా, అలా.

కట్టలేనివాళ్ళ మాట. బేవా ఔరత్, రోజు కూలీ, ఆటో ఖర్జ్‌లో మునిగినవాడు. వీళ్ళను ఎగవేతదారు అనే హక్కు ఎవరికీ లేదు. జకాత్ పైసలతో రంజాన్‌లో రేషన్ కిట్లు పంచి ఫోటోలు తీసుకుంటున్నాం. ఆ లిస్టులోనే ఇద్దరు ముగ్గురి పాత బకాయా తీర్చి, మీటరు వాళ్ళ పేరు మీద పెట్టించొచ్చు. ఖర్జ్‌లో ఉన్నవాళ్ళు జకాత్ హక్‌దారుల్లో ఉన్నారని మౌలానాలు చెప్తూనే ఉంటారు. ఎవరికి ఎలా వర్తిస్తుందో మీ ముఫ్తీ సాబ్‌ను అడగండి.

"బిల్లు సంగతి నేను చూసుకుంటా, లైన్‌మన్‌ను నా దగ్గరికి పంపు" అనే లీడర్‌కు కూడా ఒక పని ఉంది. ఆయన చూసుకోవడం అంటే ఫ్యూజు పీకడానికి వచ్చినవాణ్ణి వెనక్కి పంపడం. బకాయా అలాగే ఉంటుంది, మనం ఆయన మోహతాజ్‌గా ఉంటాం, ఎలక్షన్ దాకా. ఆయన చేయాల్సింది కరెంటు ఆఫీసుకు ఒక దర్ఖాస్త్ రాయడం. ఈ మొహల్లాలో మూడు రోజుల క్యాంపు పెట్టండి, పాత బకాయాలకు కిస్తులు ఇవ్వండి, పోర్షన్ పోర్షన్‌కూ మీటరు ఇవ్వండి, గృహజ్యోతి దరఖాస్తులు అక్కడే తీసుకోండి, వేసవికి ముందే ట్రాన్స్‌ఫార్మర్ మార్చండి అని. ఒక పేజీ సరిపోతుంది. వచ్చే జుమా తర్వాత మస్జిద్ బయట మీ కార్పొరేటర్ కనబడితే సలామ్ చెప్పి, ఆ దర్ఖాస్త్ మీద ఆఫీసు స్టాంపు పడిన కాపీ చూపించమని అడగండి. ఆయన సొంత ఇంటి యూఎస్‌సీ నంబరు కూడా అడగండి, బిల్లు కట్టారో లేదో ఫోన్లోనే తెలుస్తుంది.