ఇంజను వేగమునకు హద్దు

మా పాఠశాల విద్యార్థి యొకడు ఇటీవల నన్నిట్లడిగెను: "మాస్టారూ, మా అన్నగారి కారు ఇంజను నిమిషమునకు 6000 చుట్లు తిరుగగానే తనంతట తానే వెనుకాడుచున్నది. ఆ హద్దును 7000కు పెంచవచ్చునని ఆయన స్నేహితులు చెప్పుచున్నారు. అందు తప్పేమి?"

ప్రశ్న మంచిది. కూడదను నొక్క మాటతో పంపివేయుట ఉపాధ్యాయధర్మము కాదు. కావున నా యభిప్రాయమును ఈ పత్రికాముఖమున విన్నవించుచున్నాను.

ఇంజనును నడుపు చిన్న కంప్యూటరు చుట్ల సంఖ్యను అనుక్షణము గమనించుచుండును. నిర్ణీతసంఖ్య చేరగానే పెట్రోలునో, నిప్పురవ్వనో ఆపివేయును. వేగమునకు హద్దుంచుట క్రొత్త తలంపు కాదు. 1788లో జేమ్సు వాట్టు ఆవిరియంత్రమునకు గవర్నరు నమర్చెను. మన డెల్టా పొలములకు నీరు తోడిన ఆయిలింజనులకును గవర్నరు ఉండెడిది.

ఇక లెక్క చూడుడు. 6000 చుట్లనగా సెకనుకు 100 చుట్లు. ప్రతి చుట్టునకును పిస్టను పైన నొకమారు, క్రింద నొకమారు ఆగి మరలవలయును. అనగా సెకనుకు 200 మారులు. ఆ మరలింపు భారమును మోయునది కనెక్టింగు రాడ్డు. ఆ భారము వేగముయొక్క వర్గమును బట్టి పెరుగును. 6నకు వర్గము 36. 7నకు వర్గము 49. వేగము ఆరవవంతు పెరుగగా భారము మూడవవంతునకు మించి పెరిగినది! వాల్వు స్ప్రింగుల కష్టమును ఇట్టిదే. వేగము మితిమీరినచో వాల్వు సకాలమున మూతపడదు. కొన్ని ఇంజనులలో పైకి వచ్చు పిస్టను దానిని తాకి వంచివేయును.

"కంపెనీవారు కొంత మిగులు బలముంచియే హద్దు నిర్ణయింతురు గదా" అని కొందరందురు. నిజమే. కాని ఆ మిగులు మనము ఖర్చుపెట్టుకొనుటకు దాచిన సొమ్ము కాదు. విజయవాడ వేసవి యెండకును, పాతబడిన ఆయిలుకును, అరిగిన భాగములకును, తొందరలో తప్పు గేరు వేయు చేతికిని అది విడువబడినది. మిక్కిలి వేగమున పోవుచు క్రింది గేరు వేసినచో చక్రములే ఇంజనును త్రిప్పును. అప్పుడు కంప్యూటరు పెట్రోలు నాపినను ప్రయోజనము లేదు.

మరియు హద్దు పెంచినంత మాత్రమున శక్తి పెరుగదు. ఒక వేగము దాటిన పిమ్మట సిలిండరులోనికి గాలి నిండుగా చేరుటకు కాలము చాలదు, శక్తి తగ్గిపోవును. అప్పుడు పెరుగునది ధ్వని మాత్రమే.

హద్దు పెంచుట పాపమని నేననను. పని తెలిసినవారు ముందుగా స్ప్రింగులను, రాడ్డులను, వాని బోల్టులను బలపరతురు. కామ్ షాఫ్టును, గాలి మార్గములను సరిచేయుదురు. ఆయిలు ఒత్తిడిని పరీక్షింతురు. సంఖ్యను చిట్టచివర మార్తురు. మన యువకుల తొందర సంఖ్యతోనే ఆరంభించుచున్నది. గోపురము కట్టబూనిన మనుష్యుని గూర్చి ప్రభువు చెప్పిన ఉపమానము ఇచ్చట స్మరింపదగినది.

అట్లు సిద్ధపరచిన బండికైనను చోటు చెన్నై చేరువనున్న ఇరుంగాట్టుకోట్టై వంటి పందెపుబాట గాని, పిల్లలు నడచి బడికి వచ్చు బందరు రోడ్డు కాదు. రిజిస్ట్రేషను పత్రమునకు భిన్నముగా బండిని మార్చుటను 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను నిషేధించుచున్నది. 2019 సవరణననుసరించి, చట్టము అనుమతింపని ప్రతి మార్పునకును 5000 రూపాయల జరిమానాయో, ఆరు మాసములవరకు కారాగారమో, రెండునో విధింపవచ్చును.

పెద్దలకొక మనవి. కుతూహలముగల పిల్లలను గద్దించుటకు మారుగా జవహర్ ఆటోనగరునకు తీసికొనిపోయి, విరిగిన రాడ్డును చేతికిచ్చి చూపుడు. లేతుమీద వెంట్రుకవాసి తేడాను పట్టుకొను పనివానిచెంత వారు నేర్చుకొనగల భౌతికశాస్త్రము మా నల్లబల్లమీద లేదు. అట్టి పనిని తక్కువగా చూచుట మనకు తగదు. మరియు బిడ్డల నిద్రను, ఆటను తగ్గించి మార్కుల సంఖ్యను మాత్రము పెంచజూచు తలిదండ్రులును పైలెక్కను ఒకమారు తలచుకొందురుగాక.

ఆ విద్యార్థికి నా యుత్తరమిది: నాయనా, సంఖ్యను మార్చుట క్షణముపని, దానిని మోయు బలమును సమకూర్చుట అనేకదినముల పని. ముందు ఆ పని నేర్చుకొనుము.