జాబితాకెక్కని యంత్రం

బిలాస్‌పూర్ రైల్వే కాలనీల్లోని తెలుగు కుటుంబాలకు సొంతూరి దారి కోర్బా-విశాఖపట్నం లింక్ ఎక్స్‌ప్రెస్. రాయ్‌పూర్, టిట్లాగఢ్, రాయగడ మీదుగా విజయనగరం చేరే బండి. అది రోజూ ఎన్ని నిమిషాలు ఆలస్యంగా వచ్చిందో కాలనీలో ప్లస్ టూ చదివే కుర్రాడొకడు నెల రోజులు రాసి పెట్టాడనుకుందాం. 30 అంకెలు. పావుగంట దాటిన రోజులెన్ని? వేళ్ల మీద లెక్కపెట్టుకోవాల్సిందే.

అమెరికాలో అతని ఈడు విద్యార్థి ఇదే పనికి గ్రాఫింగ్ కాలిక్యులేటర్ తీస్తాడు. టీఐ-84 ప్లస్‌లో ఆ అంకెలను ఎల్1 అనే జాబితాలో వేసి 'ఎల్1>15' అని అడిగితే మరో జాబితా వస్తుంది. పావుగంట దాటిన చోట 1, దాటని చోట 0. వాటిని కూడితే జవాబు వచ్చేసినట్టే.

ఆ తేదీలు విడిగా కావాలంటే మాత్రం చిన్న ప్రోగ్రాం రాయాలి. ఎల్2ను ఖాళీ చేసి, ఎల్1ను మొదటి నుంచి చివరిదాకా చూస్తూ, 15 దాటినప్పుడల్లా ఆ తేదీని ఎల్2 చివర తగిలించాలి. ఇక్కడో కిటుకుంది. జాబితా పొడవెంతో 'డిమ్' చెబుతుంది. దానికి ఒకటి కలిపిన స్థానంలో అంకె వేస్తే జాబితా దానంతటదే పెరుగుతుంది. మధ్యలో ఒక స్థానం వదిలేసి వేయబోతే యంత్రం ఒప్పుకోదు, తెర మీద తప్పు చూపిస్తుంది. ఎక్కడ తప్పామో వెతుక్కునే ఆ పది నిమిషాల్లో వచ్చే చదువు ఏ గైడులోనూ దొరకదు.

యంత్రం పాతదే. క్యాసియో తొలి గ్రాఫింగ్ కాలిక్యులేటర్ 1985లో వచ్చింది. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ టీఐ-83 వచ్చింది 1996లో, టీఐ-84 ప్లస్ 2004లో. ఒక్కో జాబితాలో 999 అంకెలు పడతాయి. ధర మాత్రం 100 డాలర్ల పైమాటే.

మన దగ్గర సీబీఎస్‌ఈ గణితం పరీక్షకైనా, జేఈఈకైనా సాధారణ విద్యార్థి కాలిక్యులేటర్ తీసుకెళ్లడానికి వీల్లేదు. ఇందులో న్యాయం లేకపోలేదు. అంత ఖరీదైన యంత్రాన్ని అనుమతిస్తే మార్కులు తండ్రి జీతాన్ని బట్టి వస్తాయి. కానీ పరీక్ష హాల్లో వద్దన్నది తరగతి గదిలోకీ రాకుండా పోయింది. 11వ తరగతిలో కంప్యూటర్ సైన్స్ ఎంచుకున్నవారికి పైథాన్ పాఠాల్లో జాబితాలు ఎదురవుతాయి. మిగతావారిలో చాలామందికి ఆ అవకాశం లేదు.

ఖరీదన్న సాకు కూడా ఇప్పుడు చెల్లదు. అమెరికా సాట్ పరీక్ష కంప్యూటర్ మీదికి మారినప్పుడు (విదేశాల్లో 2023లో, అమెరికాలో 2024లో) డెస్మాస్ అనే గ్రాఫింగ్ కాలిక్యులేటర్‌ను పరీక్ష తెర మీదే పెట్టారు. ఫోన్లో అది ఉచితం. ఆలస్యాల జాబితాకు ఎల్ అని పేరు పెట్టి, దాని పక్కన చదరపు బ్రాకెట్లలో 'ఎల్>15' అని రాస్తే చాలు, పావుగంట దాటిన అంకెలన్నీ విడిగా వచ్చేస్తాయి.

బిలాస్‌పూర్ కుర్రాడికి కావలసింది తండ్రి ఫోను, ఓ గంట తీరిక. ఫోను సాయంత్రానికి ఇంటికొస్తుంది. తీరికే జేఈఈ కోచింగ్‌కి పోతోంది.