అక్రోమెగలీకి సూది బదులు మాత్ర.. అనంతపురం పేషెంట్‌కు ఒరిగేదెంత?

నెలకో ఇంజెక్షన్‌తో నెట్టుకొస్తున్న అక్రోమెగలీ పేషెంట్లకు రోజుకో మాత్ర వచ్చేసింది. పాల్టుసోటిన్ అనే ఈ మందుకు 2025 సెప్టెంబర్‌లో అమెరికా ఎఫ్‌డీఏ ఓకే చెప్పింది. వినడానికి గుడ్‌న్యూసే. మరి ఇంజెక్షన్లకు కూడా లొంగని మొండి కేసుల సంగతేంటి?

ముందు జబ్బేంటో చూద్దాం. మెదడు అడుగున వేరుశనగ గింజంత ఉండే పిట్యూటరీ గ్రంథిలో గడ్డ వస్తుంది. సాధారణంగా అది క్యాన్సర్ గడ్డ కాదు. కానీ గ్రోత్ హార్మోన్‌ను అతిగా వదులుతుంది. దాంతో రక్తంలో ఐజీఎఫ్-1 అనే మరో హార్మోన్ కూడా పెరిగిపోతుంది. పెద్దయ్యాక మనిషి ఎత్తు పెరగడు కదా.. అందుకే చేతులు, పాదాలు, దవడ, ముక్కు పెరుగుతాయి. చెప్పుల సైజు మారుతుంది, ఉంగరం వేలికి పట్టదు. వెనకే షుగర్, బీపీ. రెజ్లర్ గ్రేట్ ఖలీకి 2012లో అమెరికాలో ఆపరేషన్ చేసి తీసింది ఇలాంటి గడ్డనే.

ప్రపంచవ్యాప్త అధ్యయనాల ప్రకారం లక్ష మందిలో 3 నుంచి 14 మందికి ఈ జబ్బు ఉంటుంది. 2011 లెక్కల్లో ఉమ్మడి అనంతపురం జనాభా 40.8 లక్షలు. అంటే తక్కువలో తక్కువ 120 మంది ఉండాలి. వీళ్లలో చాలామంది షుగర్‌కో మాత్ర, కీళ్ల నొప్పికో మాత్ర వేసుకుంటూ ఏళ్లు గడిపేస్తారు. అసలు జబ్బు బయటపడేసరికి గడ్డ పెద్దదై, చుట్టూ ఉన్న రక్తనాళాల్ని చుట్టేస్తుంది. ముక్కు ద్వారా చేసే ఆపరేషన్‌లో అది పూర్తిగా రాదు. కేసు మొండిగా మారడానికి ఒక పెద్ద కారణం ఇదే.

మిగిలిన గడ్డను అదుపు చేసేందుకు ఆక్ట్రియోటైడ్ లేదా లాన్రియోటైడ్ ఇంజెక్షన్ 4 వారాలకోసారి ఇస్తారు. వీటితో హార్మోన్ పూర్తిగా నార్మల్‌కు వచ్చేది దాదాపు సగం మందికే. మిగతావాళ్లకు డాక్టర్లు క్యాబర్‌గోలిన్ మాత్ర కలిపి చూస్తారు. చవకే, కానీ ఐజీఎఫ్-1 కొద్దిగా ఎక్కువున్నవాళ్లకే బాగా పనిచేస్తుంది. పాసిరియోటైడ్ ఇంకాస్త గట్టి ఇంజెక్షన్.. ఇది షుగర్‌ను పెంచేస్తుంది. అసలే షుగర్ ఉన్న పేషెంట్‌కు ఇదో కొత్త తలనొప్పి. పెగ్‌విసోమాంట్ రోజూ వేసుకోవాల్సిన సూది. గ్రోత్ హార్మోన్ ప్రభావాన్ని ఒంట్లో అడ్డుకుంటుంది గానీ గడ్డను తగ్గించదు. రేడియేషన్ ఇస్తే ఫలితం కనిపించడానికి ఏళ్లు పడుతుంది.

ఇక కొత్త మాత్ర. ఇంజెక్షన్లతో అప్పటికే అదుపులో ఉన్నవాళ్లపై జరిగిన ట్రయల్‌లో దీనికి మారిన 83 శాతం మందికి హార్మోన్ నార్మల్‌గానే నిలిచింది. ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవాళ్లలో ఇది 4 శాతమే. అయితే ఒక్క విషయం.. ఆక్ట్రియోటైడ్ పనిచేసే తలుపు దగ్గరే ఇదీ పనిచేస్తుంది. ఆ తలుపు తెరుచుకోని మొండి కేసుకు మాత్ర వచ్చినంత మాత్రాన దారి దొరికినట్టు కాదు.

అదుపులో ఉన్నవాళ్లకు మాత్రం నిజంగానే ఊరట. ఇంజెక్షన్‌ను 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో దాచాలి. ఎండాకాలం 40 డిగ్రీలు దాటే సీమలో, కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని పల్లెలో అది మామూలు పని కాదు. స్పెషలిస్టు కోసం అనంతపురం నుంచి బెంగళూరు వెళ్లాలంటే 200 కిలోమీటర్ల పైమాటే. కూలీకి వెళ్లే మనిషికి ఛార్జీలతో పాటు ఆ రోజు కూలీ కూడా పోతుంది.

డబ్బు దగ్గర ఇంకో ముడి ఉంది. బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లోని సత్యసాయి ఆస్పత్రిలో న్యూరోసర్జరీ ఉచితం. ఆపరేషన్ ఒక్కసారితో పోతుంది, మందు ఖర్చు ఏళ్ల తరబడి ఉంటుంది. కేంద్రం 2021లో తెచ్చిన అరుదైన వ్యాధుల విధానం మొదటి జాబితాలో గ్రోత్ హార్మోన్ లోపానికి చోటుంది. అదే హార్మోన్ ఎక్కువైతే వచ్చే అక్రోమెగలీ పేరు అందులో లేదు.

కొత్త మాత్ర సీమ దాకా వచ్చేలోపు చేయగలిగిందొకటుంది. షుగర్ ఉండి, చెప్పుల సైజు కూడా పెరిగిన పేషెంట్‌కు ఐజీఎఫ్-1 రక్తపరీక్ష రాయడం.