రోబో బహూ, కాస్త తఫ్రీహ్

నాకు ‘తేరీ బాతోఁ మే ఐసా ఉల్‌ఝా జియా’ పసంద్ వచ్చింది. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే మా ఇంట్లో ఈ ఫిల్మ్ పేరెత్తితే చాలు, ‘దిమాగ్ లేని సినిమా’ అనేవాళ్లు ఇద్దరున్నారు. ఒకరు మా షోహర్. ఆయన ఇంజినీరు. అంత బ్యాటరీ ఆ పిల్ల ఒంట్లో ఎక్కడ పెట్టారు, వేడెక్కదా అని ఆయన సవాల్. రెండోవారు మా జేఠ్ సాబ్. వారికి ఏ సినిమా అయినా ఫుజూల్ పనే, వక్త్ బర్బాద్. ఆ మాట అన్న మర్నాడే పొద్దున కూర్చుని రాత్రి దాకా వన్డే మ్యాచ్ చూస్తారు.

చూడనివాళ్ల కోసం కిస్సా రెండు ముక్కల్లో. 2024 ఫిబ్రవరి 9న, ప్రేమికుల రోజుకు ముందు వారం వచ్చిన హిందీ ఫిల్మ్. అమిత్ జోషి, ఆరాధనా సాహ్ కలిసి తీశారు. షాహిద్ కపూర్ రోబోలు చేసే ఇంజినీరు. ఇంట్లో షాదీ షాదీ అని ప్రాణం తీస్తుంటారు. అమెరికాలో ఉన్న పిన్ని దగ్గరికి పని మీద పోతాడు. పిన్ని డింపుల్ కపాడియా. ఆ ఇంట్లో సిఫ్రా అనే అమ్మాయి ఉంటుంది, కృతి సనన్. వీడు దిల్ ఇచ్చేస్తాడు. ఇచ్చాక తెలుస్తుంది, అది ఇన్సాన్ కాదు, మషీన్ అని. తెలిసి కూడా మరచిపోలేడు. ఇండియాకు రప్పించి, తన మొత్తం ఖాందాన్ ముందు ‘ఇదిగో మీ బహూ’ అని నిలబెడతాడు. తాతగా ధర్మేంద్ర ఉన్నారు. ఆయన కూర్చుని చిన్నగా నవ్వితేనే నా టికెట్ డబ్బులు వసూల్. టికెట్ అంటున్నాను గానీ మేం చూసింది ఇంట్లో టీవీ మీదే లెండి.

నేను స్కూల్లో ఎనిమిదో క్లాసుకు సైన్సు చెబుతాను. విద్యుత్ వలయం సంగతి నాకూ కొంచెం తెలుసు. అయినా నూట ఇరవై జవాబు పత్రాలు దిద్ది వచ్చిన రోజు నాకు వలయం అక్కర్లేదు. నవ్వు కావాలి. ‘తఫ్రీహ్’ అనే మాటకు వేరు ‘ఫరహ్’, అంటే సంతోషం. దిల్‌ను కాస్త ఖుష్ చేసుకోవడం. కూరలో ఉప్పు సరిపోయిందా అని చూస్తాం గానీ ఉప్పు రసాయన సూత్రం అడగం కదా! సైన్స్ ఫిక్షన్ ప్రేమకథను కూడా అలాగే రుచి చూడాలని నా రాయ్. మరమనిషి బ్యాటరీని పట్టుకునేవాళ్లు, హీరో ఒక్కడే ఇరవై మందిని కొడితే ఎముకల లెక్క ఎందుకు అడగరో నాకు అర్థం కాదు.

పైగా ఇదేదో కొత్తగా పుట్టిన బాజారు మసాలా కాదు. ‘రోబో’ అనే మాట దునియాకు ఇచ్చిందే ఒక నాటకం. చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో రాసిన ‘ఆర్.యు.ఆర్.’. మాట సూచించింది ఆయన అన్న జోసెఫ్. చెక్ భాషలో ‘రొబోటా’ అంటే దొర పొలంలో పైసా కూలీ లేకుండా చేసే పని. మన తెలంగాణ పల్లెల్లో దానికి పేరు వేరే వెతకక్కర్లేదు, బేగారి. ఆ నాటకం చివర ఇద్దరు రోబోలు ఒకరికోసం ఒకరు ప్రాణం ఇవ్వడానికి తయారవుతారు. అంటే మషీన్ కథలోకి ఇష్క్ మొదటి రోజే వచ్చేసింది. మన దగ్గర 2010లో రజనీకాంత్ చిట్టి కూడా ప్రేమలో పడే చెడిపోయాడు.

సిఫ్రా అనే పేరు దగ్గర మాత్రం నేను ఆగిపోయాను. ఫిల్మ్‌లో అది ఏవో ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాల పేరు. కానీ మన చెవికి అది ‘సిఫర్’లాగే వినబడుతుంది. సిఫర్ అంటే సున్నా. అరబ్బీ ‘సిఫ్ర్’ లాటిన్ మీదుగా ప్రయాణం చేసి ‘జీరో’ అయింది. అంటే పిల్ల పేరు సున్నా. సొంత మర్జీ సున్నా, కోపం సున్నా, అలసట సున్నా. ఇది ఇత్తెఫాకో, కావాలని పెట్టారో గానీ నాకు మాత్రం మజా వచ్చింది.

ఆ సాయంత్రం టీవీ ముందు కూర్చున్నది ముగ్గురం. నేను, మా అమ్మాయి, మా సాస్. సిఫ్రా పెద్దలు ఏది చెబితే అది చేస్తుంటే, ఎదురు మాట లేకుండా నవ్వుతూ నిలబడితే, ఇంటిల్లిపాదీ మురిసిపోతుంటే, మా సాస్ తొడ మీద చరుచుకుని ‘ఐసీచ్ బహూ హోనా!’ అన్నారు. ఇలాంటి కోడలే కావాలని. నన్ను చూసి అన్నారులెండి. ఇరవై నాలుగేళ్లయినా ఆవిడ నన్ను పిలిచేది ‘దుల్హన్’ అనే. నేనూ నవ్వాను, మా అమ్మాయీ నవ్వింది.

ఇంకాసేపటికి మా అమ్మాయి అడిగింది, ‘దాదీ, అంత మంది ఉన్నారు కదా, ఒక్కరికీ షక్ రాలేదేంటి?’

మా సాస్ పాన్‌దాన్ మూత వేసి చెప్పారు. ‘షక్ ఎట్లొస్తది బేటా? నేను ఈ ఇంటికి వచ్చినప్పుడు నాకు పదిహేనేళ్లు. పదకొండు మందికి రొట్టెలు. మూడు నెలల దాకా మీ పర్‌దాదీ నా గొంతు సరిగ్గా వినలేదు. జీ అనేదాన్ని, అంతే. అందరూ తారీఫ్ చేసిండ్రు.’ అని మళ్లీ టీవీ వైపు తిరిగి, ‘ముందుకు పోనియ్, ధర్మేంద్ర వస్తడు’ అన్నారు.

ఆ ఫిల్మ్‌లోని అసలు మజాక్ అదే అనిపించింది నాకు. మషీన్ ఇన్సాన్‌లా నటించడం కాదు. కోడలి నుంచి ఇంటివాళ్లు అడిగేది ఎంత తక్కువంటే, మషీన్ కూడా పాస్ అయిపోతుంది. ఫిల్మ్ ఈ మాట పట్టుకుని ఎక్కువ దూరం పోదు. సిఫ్రాకు ఏం కావాలి అని ఎవరూ అడగరు, డైరెక్టర్లు కూడా. అది నా షికాయత్. కానీ వాళ్లు ఈ విషయం మీద తక్రీర్ ఇచ్చి ఉంటే మా సాస్ లేచి వజూకు వెళ్లిపోయేవారు. పాన్‌దాన్ మూసి ఆ నాలుగు మాటలు చెప్పేవారు కాదు. ఇన్నేళ్లలో ఆవిడ నోట ఆ సంగతి నేను వినడం అదే మొదటిసారి.

ఇక్కడ ఇంకో సంగతి యాదికొస్తోంది. 2017 అక్టోబరులో రియాద్‌లో ఒక సభలో సోఫియా అనే ఆడ రోబోకు సౌదీ పౌరసత్వం ఇస్తున్నట్టు ప్రకటించారు. అప్పటికి అక్కడి ఆడవాళ్లకు కారు నడిపే ఇజాజత్ అమల్లోకే రాలేదు. అది వచ్చింది 2018 జూన్‌లో. ఏ సైన్స్ ఫిక్షన్ రచయిత అయినా ఇలా రాస్తే, ‘మరీ అతి’ అని కొట్టేసి ఉండేవాళ్లం.

నాకు ఈ గొడవంతా ఎందుకంటే, మా అమ్మాయికి రిష్తాలు వస్తున్నాయి. బీటెక్ చేసింది, చిన్న కంపెనీలో నౌకరీ. ఫిల్మ్ చూసిన వారానికే మషాతా ఒక ఖాందాన్ నుంచి ఫెహరిస్త్ తెచ్చింది. రంగు, ఎత్తు, వంట, తజ్వీద్‌తో ఖుర్ఆన్, ఇంగ్లీషు, డ్రైవింగ్. నౌకరీ ఉండాలి, షాదీ తర్వాత మానేయాలి. జహేజ్ మాట ఎత్తలేదు, ‘మీ ఖుషీ’ అన్నారు. కాగితం మొత్తం చదివి మా అమ్మాయి, ‘అమ్మీ, వీళ్లకు సిఫ్రాను పంపించండి, ఛార్జర్‌తో సహా’ అంది. ఇల్లంతా నవ్వింది. బ్యాటరీ సంగతి అడిగిన మా షోహర్ కూడా.

నికాహ్‌లో పిల్ల ‘ఖుబూల్’ అనాలి. అనకపోతే నికాహే లేదు. ‘ఖుబూల్’కు విలువ ఎక్కడి నుంచి వస్తుంది? కాదనే ఇఖ్తియార్ ఉన్నందుకే కదా. సిఫ్రా వెయ్యిసార్లు హాఁ అన్నా అది బటన్ నొక్కితే వచ్చిన చప్పుడే. ఇది నేను నా భర్తకు ఆ రాత్రి చెప్పాను. ఆయన కాసేపు ఫ్యాన్ వైపు చూసి, ‘మన పిల్లను అడిగావా?’ అన్నారు. అడగలేదు. కాగితంలో ఉన్నవి ఆమెకు ఎన్ని వచ్చో లెక్కపెట్టాం గానీ, అది మాత్రం అడగలేదు.

తెల్లారి అడిగితే, అబ్బాయితో ఒకసారి మాట్లాడతానంది, ఎదురుగా కూర్చుని, మా ముందే. మషాతాకు ఫోన్ చేసి అదే చెప్పాను. అవతల నుంచి పెద్ద నిశ్శబ్దం. ‘మంచి ఖాందాన్, ఇట్లాంటి షర్తులు పెడితే చేయి జారిపోతది’ అంది. నేను ఏమనాలో తోచక నీళ్లు నములుతుంటే మా సాస్ ఫోన్ తీసుకున్నారు. ‘జారితే జారనియ్ గానీ, పిలగాడ్ని ఇత్వార్ నాడు చాయ్‌కి రమ్మను’ అని పెట్టేశారు.

జవాబు ఇంకా రాలేదు. ఇత్వార్ దాకా ఆగి చూస్తాం. ఆలోగా ఆ ఫిల్మ్ మళ్లీ పెట్టమని మా సాస్ అడుగుతున్నారు, ధర్మేంద్ర వచ్చే సీన్ల దాకా జరిపి పెట్టాలట.