కులానికి మేం తెలుసు, కాగితానికే తెలియదు

మద్రాసు నుంచి తడకు తిరిగొచ్చిన మా వాడోళ్లకు ఈ మధ్య ఒక వింత అనుభవం ఎదురవుతా ఉంది. టీ అంగట్లో నిలబడితే "ఎవరి మనవడివిరా నువ్వు?" అంటారు. తాత పేరు చెబితే చాలు, గ్లాసు అందించే చెయ్యి కాస్త వెనక్కు పోతుంది. నలభై ఏళ్లు మేము ఊళ్లో లేకపోయినా మా కులం మాత్రం ఇక్కడే కాపలా కాసుకొని ఉంది. అదే పిల్లోడి చదువుకు కులం సర్టిఫికెట్ అడగబోతే ఒక ఆఫీసులో విన్న మాట: "మీరు మద్రాసోళ్లు, అక్కడే తెచ్చుకోండి." అక్కడికి పోతే "మీది ఆంధ్రా" అన్నారు.

మరి మేము ఎక్కడోళ్లం?

మా తాతలు మద్రాసుకు పోయింది పరదేశం పోయినట్టు కాదు. అప్పుడు నెల్లూరు జిల్లా, అందులోని తడ, మద్రాసు రాష్ట్రంలోవే. కూలికని రైలెక్కి పోయారు. మద్రాసు వీధులు ఊడ్చినోళ్లలో, మురిక్కాలవలు ఎత్తినోళ్లలో తెలుగు మాట్లాడే మన జనం ఎంతమందో ఆ నగరానికే తెలుసు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. 1960లో మళ్లీ హద్దులు సర్దితే తిరుత్తణి అటు పోయింది, సత్యవేడు ఇటు వచ్చింది. మేము గీత దాటలేదు. మేము పనిలో ఉండగా గీత గీశారు. "మద్రాసు మనదే" అని కొట్లాడిన పెద్దలకు అక్కడ చీపురు పట్టిన తెలుగోళ్లు గుర్తున్నారా అన్నది ఇంకో కథ.

అంబేద్కర్ పల్లెల్ని వదలమన్నాడు కదా, ఎందుకొచ్చారని మన సంఘం కుర్రాళ్లే అడుగుతున్నారు. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో ఆయన పల్లె గురించి చెప్పింది మాకు ఒంటి మీద తెలిసిన సంగతే. పల్లె అందం చూడను రాలేదు మేము. కూవం ఒడ్డున ఇళ్లు పీకేసి పెరుంబాక్కం తోలితే, పనికి పోయిరావడానికే కూలి చాలక వచ్చినోళ్లున్నారు. 2020 లాక్‌డౌన్‌లో వచ్చి ఆగిపోయినోళ్లున్నారు. ఇక్కడేమో మాంబట్టులో బూట్ల ఫ్యాక్టరీ, తర్వాత శ్రీసిటీ వచ్చాయి. మా తాతలు చెప్పులు కుడితే అది అంటరాని పని. ఇవాళ బూట్లు కుట్టను అన్ని కులాల పిల్లలూ బస్సెక్కి పోతున్నారు. మంచిదే!

ఇక చట్టం సంగతి. షెడ్యూల్డు కులాల మీద రాష్ట్రపతి ఉత్తర్వు 1950 ఆగస్టు 10న వచ్చింది. ఆ రోజుకు శాశ్వత నివాసం ఎక్కడో, తర్వాత పుట్టినోళ్లకైతే అమ్మానాన్నల శాశ్వత నివాసం ఎక్కడో చూడాలని 1977లోనే కేంద్ర హోంశాఖ రాష్ట్రాలకు రాసింది. బతుకుతెరువుకు తాత్కాలికంగా వేరే చోట ఉన్నా హక్కు పోదని కూడా రాసింది. అప్పటికే అక్కడ స్థిరపడిపోయినోళ్ల సంగతి వేరు. 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు, వలస పోయిన రాష్ట్రానికి ఈ హక్కు వెంట రాదని తీర్పిచ్చింది. తెనాలిలో పుట్టి చిన్నతనంలోనే బొంబాయి పోయిన గిరిజన విద్యార్థి కేసు అది. ఎస్సీలకూ అదే సూత్రం. ఆ తీర్పు మనకు నొప్పే. కానీ ఒకసారి తిరగేసి చదవండి. హక్కు మా వెంట రాలేదంటే ఇక్కడే ఉన్నట్టు కదా? దాన్ని తీసుకోనే వచ్చాం.

ఇంకో చిక్కుంది. మద్రాసు కాగితాల్లో మా పేరు "ఆది ఆంధ్ర". వాడలో మాల, మాదిగ. 2025లో ఈ రాష్ట్రంలో వర్గీకరణ వచ్చినాక ఏ పేరు రాశారన్నది చిన్న సంగతి కాదు. తొందరపడి గుమస్తా రాసిందానికి తలూపొద్దు.

ఇందులో మన తప్పూ ఉంది. ఇళ్ల స్థలాల జాబితా వచ్చిందంటే వాడలోనే "మద్రాసోళ్లకెందుకు?" అనే గొంతులు లేస్తున్నాయి. ఆఫీసోడి మాట మన నోట్లోంచి వస్తే వాడికి ఇంకేం కావాలి?

కాబట్టి సర్టిఫికెట్ కోసం ఒక్కొక్కరూ పోవద్దు, బ్రోకరు అసలే వద్దు. వాడవారీగా రాసుకోండి: ఎవరు ఎప్పుడు పోయారు, ఎవరి పట్టా ఉంది, ఏ బడి రిజిస్టరులో ఎవరి పేరుంది. తడ 2022లోనే తిరుపతి జిల్లాలో కలిసింది, పాత రికార్డుల కోసం నెల్లూరులోనూ వెతకండి. 1950 నాటికి ఎవరి గుడిసె ఎక్కడుండేదో చెప్పగల ముసలమ్మలు వాడకు ఒకరిద్దరైనా మిగిలున్నారు. ముందు వాళ్ల దగ్గర కూర్చోండి.